తడి పొగాకు, నశ్యం, నమిలే ఆకు: ఇంటి నిల్వ పెట్టె ప్రాజెక్టు డైరీ

నోట్లో పెట్టుకునే తడి పొగాకు, ముక్కుపొడి, నమిలే ఆకు మూడింటినీ ఒకే డబ్బాలో పడేస్తే మూడూ పాడవుతాయి, ఒక్కోటి ఒక్కో రకంగా. తడిది ఎండిపోతుంది. పొడి చెమ్మపట్టి గడ్డకడుతుంది. ఆకుకు పురుగు పడుతుంది. మూడింటికీ వేర్వేరు ఏర్పాట్లున్న నిల్వ పెట్టెను ఏ వరుసలో తయారుచేశామో కింద ఉంది. పనికిరాని పద్ధతులను కూడా తీసేయకుండా, ఎక్కడ దెబ్బతిన్నాయో, వాటి బదులు ఏం పెట్టామో రాశాం.

దాచాల్సిన సరుకు:
తడి పొగాకు 400 గ్రా.
నశ్యం 100 గ్రా.
నమిలే ఆకు 200 గ్రా.
మొత్తం 700 గ్రా.

ఒక సంగతి ముందే చెప్పాలి. ఎంత బాగా దాచినా పొగాకు హానికరమే. పొగ రాని పొగాకు నోటి, అన్నవాహిక, క్లోమ క్యాన్సర్లకు కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. మంచి నిల్వ ఆ హానిని తగ్గించదు. చెడ్డ నిల్వ మాత్రం పెంచుతుంది. అందుకే ఈ పెట్టెలో రుచి కన్నా చలికి, తాళానికి ముందు చోటిచ్చాం.

దశ 1: ఏది ఎందుకు పాడవుతుంది

పొగాకు పాతబడిందని అనిపించినప్పుడు అందరూ ముందు చూసేది తేమ. నిజానికి లోపల మూడు పనులు ఒకేసారి జరుగుతుంటాయి: నీరు పోవడం, వాసన పోవడం, సూక్ష్మజీవులు పెరగడం. మొదటిది చేతికి తెలుస్తుంది. రెండోది ముక్కుకు తెలుస్తుంది. మూడోది చాలాసార్లు దేనికీ తెలియదు. అసలు జాగ్రత్త పడాల్సింది దానికే.

తడి పొగాకు బరువులో దాదాపు సగం నీరే ఉంటుంది. అంత నీరున్నా అది వెంటనే కుళ్లకపోవడానికి కారణం అందులోని ఉప్పు. ఉప్పు నీటిని పట్టి ఉంచడంతో సూక్ష్మజీవులకు అందే నీరు తగ్గుతుంది. ఈ అందుబాటును వాటర్ యాక్టివిటీ అంటారు, స్వచ్ఛమైన నీటికి ఇది 1. 0.91 కంటే తగ్గితే ఆహారాన్ని చెడగొట్టే బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం పెరగదు. 0.80 కంటే తగ్గితే మామూలు బూజులు చాలావరకు ఆగుతాయి. 0.60 దిగువన ఏదీ పెరగదు. తేమ శాతం ఒకటే అయినా, ఉప్పు తక్కువున్న సరుకు ముందు పాడవుతుంది. ఎండిన దానికి గుడ్డిగా నీళ్లు పోస్తే బూజు రావడం వెనుక కూడా ఈ లెక్కే ఉంది.

ఇక కనబడని మార్పు. పొగాకులో సహజంగానే నైట్రేట్ ఉంటుంది. కొన్ని రకాల బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. ఆ నైట్రైట్ నికోటిన్‌తోనూ, దాని తోటి ఆల్కలాయిడ్లతోనూ (ఆకులో ఉండే అలాంటి ఇతర రసాయనాలతోనూ) కలిస్తే నైట్రోసమైన్లు తయారవుతాయి. వాటిలో ఎన్‌ఎన్‌ఎన్, ఎన్‌ఎన్‌కే అనే రెండూ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో ఉన్నాయి. వెచ్చదనం, తేమ, సమయం మూడూ దొరికితే ఇవి డబ్బాలోనే పెరుగుతాయి. రంగు మారదు, వాసన రాదు. స్వీడన్‌లో స్నూస్‌ను (అక్కడి తడి పొగాకును) పులియబెట్టకుండా వేడితో శుద్ధి చేసి, దుకాణంలోనూ చల్లగా ఉంచడానికి ఒక పెద్ద కారణం ఇదే. పులియబెట్టిన తడి పొగాకులో బ్యాక్టీరియా బతికే ఉంటుంది కాబట్టి దానికి చలి ఇంకా ముఖ్యం.

అమ్మోనియా లాంటి ఘాటు వాసన వస్తే అది వేరే సూచన. తడి పొగాకులో క్షారం కలుపుతారు. పీహెచ్ (క్షారం ఎంతుందో చెప్పే కొలత) 8 దాటితే నికోటిన్‌లో సగానికి పైగా ఆవిరయ్యే రూపంలోకి వస్తుంది, అమ్మోనియా కూడా వదులుతుంది. డబ్బా తెరిచి ఉంచితే ఈ రెండూ గాలిలో కలిసి, పొగాకు చప్పబడుతుంది. సున్నం కలిపిన పొగాకును ఈ ప్రాజెక్టులోకి తీసుకోకపోవడానికి కారణం ఇదే. సున్నాన్ని, ఆకును విడిగా ఉంచాలే తప్ప కలిపిన ముద్దను దాచడంలో అర్థం లేదు.

దశ 2: తేమ మీటరును సరిచూడటం

గాలిలో తేమను కొలిచే చవక డిజిటల్ మీటర్లు 5 శాతం అటూ ఇటూ చూపించడం మామూలే. ఆకు చుట్టూ గాలి తేమను 62 శాతం దగ్గర ఉంచాలనుకున్నప్పుడు 5 శాతం తేడా అంటే ఒకవైపు పెళుసు, ఇంకోవైపు బూజు. కాబట్టి పెట్టె కంటే ముందు మీటరు.

1. సీసా మూతలో 30 గ్రా. ఉప్పు పోయండి.
2. 8 నుంచి 10 మి.లీ. నీరు చుక్కలుగా వేసి కలపండి. తడి ఇసుకలా ఉండాలి, ఉప్పు కరిగిపోకూడదు.
3. మూతను, మీటరును పక్కపక్కనే గాజు సీసాలో పెట్టి బిగించండి. మీటరుకు ఉప్పు తగలకూడదు.
4. 24 గంటలు, ఎండ తగలని చోట కదపకుండా ఉంచండి.
5. సీసా తెరవకుండా బయటి నుంచే రీడింగ్ చూడండి. 20 నుంచి 30 డిగ్రీల మధ్య అది 75 శాతం చూపించాలి.

ఎక్కువమందికి తప్పేది రెండో మెట్టులో. నీరు ఎక్కువై ఉప్పంతా కరిగిపోతే అది సంతృప్త ద్రావణం (ఇంక ఉప్పు కరగనంతగా నిండిన నీరు) కాదు. అప్పుడు గాలిలో తేమ 75 దాటుతుంది, మంచి మీటరు కూడా తప్పు చూపిస్తున్నట్టు కనిపిస్తుంది. అడుగున ఉప్పు పలుకులు కనబడుతున్నంతవరకే ఆ 75ను నమ్మాలి. రెండో తప్పు తొందర. మీటరు మొదటి రెండు మూడు గంటల్లో పైకి పాకుతూనే ఉంటుంది.

ఒక్క బిందువు దగ్గర తేడా తెలిస్తే చాలదని మెగ్నీషియం క్లోరైడ్‌తోనూ ఇదే పరీక్ష పెట్టాం. 25 డిగ్రీల వద్ద దాని సంతృప్త ద్రావణం మీద 33 శాతం తేమ ఉంటుంది.

ఉప్పు మీద రీడింగ్: 70 (ఉండాల్సింది 75)
మెగ్నీషియం క్లోరైడ్ మీద రీడింగ్: 31 (ఉండాల్సింది 33)

అంటే కింద 2, పైన 5 తక్కువ. అన్నిచోట్లా 5 కలిపేస్తే తప్పవుతుంది. అసలు తేడా 42, మీటరు చూపిన తేడా 39. 42ను 39తో భాగిస్తే 1.077. మీటరు 60 చూపిస్తే: 60 నుంచి 31 తీసి, 1.077తో గుణించి, 33 కలిపితే 64. ఈ లెక్కను కాగితం మీద రాసి మీటరు వెనక అంటించాం.

ఇంకో మార్పు: మొదట్లో మీటరును తడి పొగాకు సీసాలోనే పెట్టాలనుకున్నాం, మానేశాం. అమ్మోనియా, నికోటిన్ ఆవిర్లు ఈ మీటర్లలోని సెన్సరు పొరను దెబ్బతీస్తాయి, తర్వాత అది ఏ సంఖ్య చూపినా నమ్మలేం. తడి పొగాకుకు మీటరు అక్కర్లేదు, కాటా చాలు. మీటరు ఆకు డబ్బాకే.

ఇప్పటి లెక్క: మీటరు 1, కాటా 1 (0.01 గ్రా. వరకు చూపేది), ఉప్పు 30 గ్రా.

దశ 3: సీసాల ఎంపిక

పాత్ర నీటిని ఆపితే సరిపోదు. వాసనను ఆపాలి, క్షారాన్ని తట్టుకోవాలి.

అల్యూమినియం డబ్బా, అల్యూమినియం రేకు పనికిరావు. తడి పొగాకులో క్షారంగా కలిపే సోడియం కార్బొనేట్, ఉప్పు కలిసి అల్యూమినియాన్ని తినేస్తాయి. తగిలినచోట రేకు నల్లబడి, సూదిమొన అంత రంధ్రాలు పడతాయి. మామూలు ఇనుప డబ్బా తుప్పు పడుతుంది. పల్చని జిప్ కవరు నీటిని బాగానే ఆపుతుంది కానీ వాసనను ఆపలేదు, పక్కన ఏముంటే దానికి పొగాకు కంపు పట్టిస్తుంది. బిరడా ఉన్న సీసా గాలిని వదులుతుంది.

మిగిలింది గాజు సీసా, లోపల మెత్తటి వాషర్ ఉన్న మరమూత. కొన్న ప్రతి సీసానూ, మూత చూసి సంతృప్తిపడకుండా, ఇలా పరీక్షించాం:

1. సీసాలో 20 గ్రా. నీరు పోసి మూత బిగించండి.
2. బయట పొడిగా తుడిచి 0.01 గ్రా. వరకు తూచి, బరువు సీసా మీదే రాయండి.
3. వారం పాటు పక్కకు పడుకోబెట్టి ఉంచండి.
4. మళ్లీ తూచండి. తగ్గుదల 0.05 గ్రా. దాటితే ఆ మూత వద్దు.

ఈ హద్దు ఎందుకంటే, వారానికి 0.05 గ్రా. చొప్పున ఏడాదికి 2.6 గ్రా. పోతుంది. 50 గ్రా. సరుకులో అది దాదాపు 5 శాతం. చలిలో ఉన్న పొగాకు ఈ నీటి పరీక్ష కంటే తక్కువే కోల్పోతుంది కాబట్టి నెగ్గిన సీసా నిజంగా నిలబడుతుంది. తప్పిన సీసాల్లో గాజు లోపం అరుదు. వాషర్ అంచు మడతపడటమో, మూతను అతిగా బిగించడంతో వాషర్ నలగడమో కారణం. వాషర్ మారిస్తే అదే సీసా పాసవుతుంది.

తూకంలో ఒక ఉచ్చు ఉంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను వెంటనే తూస్తే బయట పట్టిన చెమ్మ బరువు కూడా కలుస్తుంది, పైగా చల్లటి వస్తువు చుట్టూ గాలి కదలడంతో కాటా నిలకడగా ఉండదు. గది వేడికి వచ్చాక, తుడిచి, అప్పుడే తూచాలి.

పరిమాణం: వదులుగా నింపితే 50 గ్రా. తడి పొగాకు సుమారు 100 మి.లీ. జాగా పడుతుంది. 120 మి.లీ. సీసా సరిగ్గా ఉంటుంది. పెద్ద సీసాలో కొంచెం కొంచెం తీసుకుంటూ పోతే తెరిచిన ప్రతిసారీ కొత్త గాలి నిండుతుంది. చిన్న సీసాలు ఎక్కువ పెట్టడం ఈ ప్రాజెక్టులో అన్నిటికంటే పనికొచ్చిన నిర్ణయం.

ఇప్పటి లెక్క: 120 మి.లీ. సీసాలు 8. ఒక్కోదానిలో 50 గ్రా. మొత్తం 400 గ్రా. తడి పొగాకు.

దశ 4: చలి

ఫ్రిజ్ 2 నుంచి 5 డిగ్రీలు, డీప్ ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీలు. రెండూ ఒకే పని చేయవు. ఫ్రిజ్ మార్పును మందగింపజేస్తుంది. ఫ్రీజర్ సూక్ష్మజీవుల పనిని దాదాపు ఆపేస్తుంది, కానీ వాటన్నిటినీ చంపదు. బయటకు తీశాక అవి మళ్లీ మొదలుపెడతాయి. అప్పటికే తయారైన నైట్రోసమైన్లను ఏ చలీ వెనక్కి తీసుకుపోలేదు. వెచ్చటి గదిలో వారాలపాటు ఉన్న డబ్బాను ఫ్రీజర్‌లో పెట్టి కాపాడాననుకోవడం వృథా. తెచ్చినరోజే చల్లబరచాలి.

విభజన ఇలా కుదిరింది: వాడుకలో ఉన్న 2 సీసాలు ఫ్రిజ్‌లో, మిగతా 6 ఫ్రీజర్‌లో.

ఫ్రిజ్ తలుపు అరలో పెట్టకూడదు. తలుపు తీసిన ప్రతిసారీ అక్కడ వేడి ఊగిసలాడుతుంది, సీసా లోపలి గోడకు చెమ్మ పట్టి చుక్కలుగా పొగాకు మీదకు జారుతుంది. పై పొర తడిసి, కింద పొడిబారిన సీసా కనిపిస్తే కారణం చాలావరకు ఇదే. లోపలి అర వెనక భాగం మేలు. మంచు తనంతట తానే కరిగించుకునే ఫ్రీజర్లలోనూ కొద్దిపాటి వేడి ఊగిసలాట ఉంటుంది. సీసాలన్నిటినీ మూతున్న మందపాటి ప్లాస్టిక్ పెట్టెలో ఉంచితే ఆ ప్రభావం తగ్గుతుంది. తిండి పదార్థాలకు వాసన పట్టకుండానూ ఆ పెట్టే కాపలా.

ఫ్రీజర్ నుంచి తీసే పద్ధతి:

1. ముందురోజు రాత్రి సీసాను ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి మార్చండి.
2. వాడేరోజు మూత తీయకుండా గంట నుంచి రెండు గంటలు బయట ఉంచండి.
3. గాజు బయట చెమ్మ పూర్తిగా ఆరాకే మూత తీయండి.
4. ఒకసారి కరిగినదాన్ని మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకండి.

మూడోది దాటవేస్తే ఏమవుతుందంటే, గదిలోని తడిగాలి నేరుగా చల్లటి పొగాకు మీదే నీరై కూర్చుంటుంది. ఆ నీటిలో ఉప్పు లేదు. పై పొరలో వాటర్ యాక్టివిటీ పెరిగి, బూజుకు సరిగ్గా కావలసిన చోటు తయారవుతుంది.

చిన్న కాగితపు సంచుల్లో వచ్చే రకం బాగా ఎండుతుంది, ఎందుకంటే ప్రతి సంచీ విడి విడిగా గాలికి తగులుతుంది. వాటిని డబ్బాతో సహా జిప్ కవరులో పెట్టి, గాలి పిండేసి, ఆపైన గాజు సీసాలో పెట్టాం. డబ్బాలోంచి ఒక్కటే తీయడానికి మొత్తం బయటపెట్టకండి.

దశ 5: ఎండినదానికి నీరు పెట్టడం

దీని గురించి చెలామణిలో ఉన్న సలహాల్లో చాలా వాటిని వదిలేయాలి. నారింజ తొక్క, ఆపిల్ ముక్క, బంగాళదుంప ముక్క వేస్తే తేమ వస్తుంది, దాంతోపాటు చక్కెర, పిండి, తొక్క మీది బూజు బీజాలు కూడా వస్తాయి. తేనె, చక్కెర నీళ్లదీ అదే దారి.

నీరు ఎంత పోయాలన్నది లెక్క. 100 గ్రా. పొగాకులో 40 శాతం నీరుందనుకోండి. 50 శాతానికి తేవాలంటే 10 గ్రా. చాలనిపిస్తుంది, చాలదు. అందులో పొడి సరుకు 60 గ్రా. నీరు కూడా 60 గ్రా. కావాలి. ఉన్నది 40, కలపాల్సింది 20 గ్రా. సూత్రం ఇది: ఉన్న బరువును (కావలసిన శాతం మైనస్ ఉన్న శాతం)తో గుణించి, (100 మైనస్ కావలసిన శాతం)తో భాగించాలి.

ఇంట్లో తేమ శాతం కొలవడం కష్టం. వంటింటి ఓవెన్‌లో ఎండబెట్టి తూచే పద్ధతిని ఎవరూ ప్రయత్నించకండి, నికోటిన్ ఆవిరై ఇల్లంతా పాకుతుంది, ఓవెన్‌లోనూ నిలిచిపోతుంది. దానికి బదులు నింపిన రోజే తూకం రాసి పెడితే చాలు. నింపినప్పుడు 50 గ్రా., వాడకముందే ఇప్పుడు 46 గ్రా. ఉంటే, పోయింది 4 గ్రా. నీరు. కలపాల్సిందీ అంతే.

1. మరిగించి చల్లార్చిన నీటిని తూకం వేసి చిన్న స్ప్రే సీసాలో పోయండి.
2. నైట్రైల్ గ్లౌజులు వేసుకోండి. తడిసిన పొగాకు నుంచి నికోటిన్ చర్మం గుండా లోపలికి వెళ్తుంది.
3. నీటిలో మూడో వంతు చిమ్మి, గాజు కడ్డీతో అడుగునుంచి కలపండి.
4. మూత పెట్టి 12 గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి.
5. మిగతా రెండు వంతులూ ఇలాగే.
6. చివర్లో తూచండి. మొదటి బరువు దాటకూడదు.

మొత్తం నీటిని ఒకేసారి పోస్తే పైన ముద్దలు, లోపల పొడి. ఆ ముద్దలు మర్నాటికి సర్దుకుంటాయని వదిలేస్తే అక్కడే బూజు మొదలవుతుంది. ఒకే సరుకుకు రెండోసారి నీరు పెట్టాల్సి వస్తే తప్పు మూతలో ఉంది, పొగాకులో కాదు. నీరు తిరిగొచ్చినా వాసన తిరిగి రాదు. గది వేడిలో ఎన్నాళ్లున్నదో తెలియని ఎండు పొగాకుకు నీరు పెట్టకండి. ఎండినప్పుడు ఆగిన బ్యాక్టీరియాను మళ్లీ లేపినట్టవుతుంది.

ముక్కిన వాసన, తెల్లటి నూగు, జిగురు, వీటిలో ఏది కనిపించినా సీసా మొత్తం పారేయాలి. పై పొర గీకేసి కింద వాడుకోవడం లేదు.

దశ 6: నశ్యం, ఆకు

నశ్యం దారి పూర్తిగా వేరు. పొడి నశ్యంలో నీరు 10 శాతం లోపే. దానికి చెమ్మే శత్రువు. 25 గ్రా. చొప్పున 4 చిన్న గాజు సీసాల్లో నింపి, 4 సీసాలనూ ఒక పెద్ద డబ్బాలో పెట్టి, డబ్బా అడుగున 20 గ్రా. సిలికా జెల్ వేశాం. జెల్‌ను నశ్యం సీసాలోనే వేస్తే మెంతాల్ లాంటి వాసన ద్రవ్యాలనూ అది పీల్చేస్తుంది, నశ్యం అతిగా ఎండి ముక్కులో మంటపెడుతుంది. బయటి డబ్బాలో ఉంటే జెల్ బయటి నుంచి వచ్చే చెమ్మను మాత్రమే ఆపుతుంది. నీలం రంగు జెల్‌లో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, దాన్ని క్యాన్సర్ కారకంగా పరిగణిస్తారు. నారింజ రంగుది తీసుకోండి. నశ్యాన్ని ఫ్రిజ్‌లో పెట్టలేదు. తెరిచినప్పుడల్లా చెమ్మ పట్టే ప్రమాదం చలి వల్ల వచ్చే లాభం కంటే ఎక్కువ.

ఆకుకు 60 నుంచి 65 శాతం గాలి తేమ బాగుంటుంది. అంతకంటే బాగా తగ్గితే ముట్టుకుంటే పొడవుతుంది, 70 దాటితే బూజుకు దారి ఇచ్చినట్టే. అటు పీల్చి ఇటు వదిలే 62 శాతం తేమ ప్యాకెట్ ఒకటి డబ్బాలో వేసి, సరిచేసిన మీటరును పక్కన పెట్టాం. దాచాక మొదటి రీడింగ్ మీటరులో 62 వచ్చింది. పై లెక్క ప్రకారం అది 66. డబ్బాను అరగంట తెరిచి, మూసి, మర్నాడు చూస్తే 58, అంటే నిజానికి 62. సరిచేయని మీటరును నమ్మి ఉంటే ఆ 66నే సరైనదని వదిలేసేవాళ్లం.

ఆకుకు ఇంకో శత్రువు పొగాకు పురుగు, లాసియోడెర్మా సెరికోర్నే. ఆకులో సూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రాలు, అడుగున సన్నటి పొడి కనబడితే అదే. గుడ్లు కంటికి కనబడవు కాబట్టి కొత్తగా తెచ్చిన ఆకునంతా ముందు జిప్ కవరులో గాలి పిండి, ఫ్రీజర్‌లో వారం ఉంచి, కవరు విప్పకుండా గది వేడికి తెచ్చి, అప్పుడే డబ్బాలోకి మార్చాం.

ఇప్పటి లెక్క:
తడి పొగాకు 8 సీసాలు, 400 గ్రా.
నశ్యం 4 సీసాలు, 100 గ్రా.
ఆకు 1 డబ్బా, 200 గ్రా.
సిలికా జెల్ 20 గ్రా., తేమ ప్యాకెట్ 1.

దశ 7: లేబుల్, తాళం, పారేయడం

ప్రతి సీసా మీద గుడ్డ టేపు అంటించి పెన్సిల్‌తో నాలుగు సంగతులు రాశాం: రకం, నింపిన తేదీ, లోపలి బరువు, సీసాతో కలిపి బరువు. సిరా పెన్ను ఫ్రీజర్ చెమ్మకు కరిగిపోతుంది, పెన్సిల్ చెరగదు. ఆహారం పెట్టే సీసాలను వాడలేదు, జామ్ సీసాలో పొగాకు చూసి పిల్లలు మోసపోతారు.

తాళం ఐచ్ఛికం కాదు. చిన్న పిల్లలకు, పెంపుడు జంతువులకు కొద్దిపాటి తడి పొగాకు కూడా విషమే. రుచికి కలిపిన తీపి, పుదీనా వాసనలు వాళ్లను లాగుతాయి. ఫ్రిజ్‌లో పెట్టిన ప్లాస్టిక్ పెట్టెకు చిన్న తాళం కొక్కెం బిగించాం. పిల్లవాడు మింగాడని అనుమానం వస్తే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఆ సీసాను కూడా పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

నెలకోసారి చేయాల్సిన పని:

1. ఫ్రిజ్‌లోని 2 సీసాలను గది వేడికి తెచ్చి తూచండి. తెరవని సీసాలో నెలకు 0.3 గ్రా. కంటే ఎక్కువ తగ్గితే వాషర్ మార్చండి.
2. ఆకు డబ్బా రీడింగ్ రాసుకోండి.
3. నారింజ జెల్ రంగు మారితే, తయారీదారు చెప్పిన వేడిలో ఆరబెట్టండి. నశ్యం అంటిన జెల్‌ను మాత్రం వేడిచేయకుండా పారేయండి.
4. మీటరును ఆరు నెలలకోసారి మళ్లీ ఉప్పు మీద పెట్టండి.

పారేసే పొగాకును మొక్కల కుండీల్లో, కంపోస్టులో వేయకండి. నికోటిన్ పురుగులను చంపే మందు, పొగాకు నుంచి టమాటా, మిరప మొక్కలకు సోకే మొజాయిక్ వైరస్ ఎండిన ఆకులో కూడా బతికే ఉంటుంది. రెండు కవర్లలో కట్టి, కుక్కలు లాగలేని చెత్తబుట్టలో వేయాలి. ఖాళీ సీసాను సబ్బు నీటితో కడిగి, వాషర్‌కు పాత వాసన పట్టి ఉంటే దాన్ని తీసేసి కొత్తది వేసి, 20 గ్రా. నీటి పరీక్ష మళ్లీ పెట్టాకే తిరిగి నింపండి.